పట్టుచీర పంపితే పాత చీర తిరిగొచ్చింది: రిటర్న్ మోసాల గురించి అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కె.ఆర్.పురంలో ఇంటి నుంచే మీరూ మీ ఆవిడా ఎనిమిది నెలలుగా ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముతున్నారు. పోయిన నెలలో నాలుగు చెడ్డ రిటర్న్‌లు వచ్చాయి. పట్టుచీర బదులు వెలిసిపోయిన కాటన్ చీర ఒకటి, బ్లౌజ్ పీస్ కత్తిరించుకుని పంపింది ఒకటి, గుప్పుమని సెంటు వాసన కొడుతూ వచ్చింది ఒకటి, ఉత్త డబ్బా ఒకటి. మొదటి రెండింటికీ నష్టం ఇప్పించమని అమ్మే సైట్‌కి క్లెయిమ్ వేస్తే తిరగ్గొట్టారు. మిగతా రెండూ ఇంకా వెయ్యలేదు. రిటర్న్‌లు పూర్తిగా ఆపేయొచ్చా, కొన్నవాళ్ళకి ఫోన్ చేసి నిలదీయొచ్చా, పోలీసులకి చెప్తే పనవుతుందా అని అడిగారు.

మాది ధర్మవరం. పెళ్ళయి బెంగళూరు వచ్చి ఇరవై రెండేళ్ళయింది. చిక్కపేటలో మా మామగారికి చిన్న కొట్టు ఉండేది. 2016 నుంచి ఆన్‌లైన్‌లోనే ఎక్కువ. ఇప్పుడు రామమూర్తి నగర్‌లో మా ఇంటి కింది వాటాయే గోడౌన్. మా ఆయనది ఎస్.పి.రోడ్డులో ట్రిమ్మర్లు, పవర్ బ్యాంకుల వ్యాపారం. ఆయన చూసే రిటర్న్‌లతో పోలిస్తే మన చీరల బాధ నయమే అనిపిస్తుంది.

ముందు మూడింటికీ పొట్టి జవాబులు. రిటర్న్‌లు ఆపడం మన చేతిలో లేదు. ఫోన్ చెయ్యకండి. పోలీసులు కొన్ని కేసుల్లో పనికొస్తారు, మీ నాలుగింట్లో బహుశా ఒక్కదానికీ కాదు. అయితే మీరు మధ్యలో ఎక్కడో ఒక మాట అన్నారు చూడండి, “పంపేముందు చీర ఫొటోలు తీశాం, ప్యాకింగ్ వీడియో మాత్రం లేదు” అని. మీ క్లెయిమ్‌లు పోయింది అక్కడే. మోసం జరిగింది కొన్నవాళ్ళ ఇంట్లోనే కావచ్చు. ఆ డబ్బు మనకి తిరిగొస్తుందా రాదా అన్నది మాత్రం చీర మన గడప దాటకముందే తేలిపోతుంది. నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది, కాస్త ఓపిక పట్టండి.

రిటర్న్‌లు ఆపడం సంగతి. 2020 జులైలో ఈ-కామర్స్‌కి వినియోగదారుల రక్షణ నియమాలు వచ్చాయి. సరుకు పాడై ఉన్నా, నకిలీ అయినా, మనం చూపించినట్టు లేకపోయినా, చెప్పిన తేదీకి చేరకపోయినా వెనక్కి తీసుకోను అనడానికి అమ్మేవాడికి వీల్లేదు. మన సొంత వెబ్‌సైట్‌లో “నో రిటర్న్” అని ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా ఈ కారణాలకి అది నిలవదు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి పెద్ద ప్లాట్‌ఫామ్‌లలో ఎన్ని రోజుల్లో రిటర్న్ అన్నది చాలావరకు వాళ్ళే కేటగిరీని బట్టి పెడతారు. కొన్నిచోట్ల ధర కాస్త తగ్గించి, పాడైనది లేదా వేరేది వస్తే తప్ప రిటర్న్ లేదు అనే పద్ధతిలో పెట్టుకోవచ్చు. అది మీ ప్యానెల్‌లో (అమ్మేవాళ్ళ లాగిన్ పేజీలో) ఉంటే తక్కువ ధర చీరలకి వాడుకోండి. కానీ మోసం చేసేవాడు “నచ్చలేదు” అని రాయడు కదా, “వేరే చీర వచ్చింది” అనే రాస్తాడు. కాబట్టి ఈ సెట్టింగ్ వల్ల బుద్ధిగా వెనక్కి పంపేవాళ్ళు తగ్గుతారు, దొంగలు తగ్గరు.

రెండో విషయం మీకు నచ్చకపోవచ్చు. వచ్చిన ప్రతి చెడ్డ రిటర్న్‌నీ కొన్నవాళ్ళ మోసం అనుకోకండి. 2019లో వరలక్ష్మీ వ్రతం ముందు వారం మా దగ్గర రోజుకి 80 ఆర్డర్లు వెళ్తున్నాయి. జయనగర్ నుంచి ఒకావిడ చీర తిప్పి పంపింది, విప్పితే అది మేము పంపిన చీర కాదు. నాకు ఒళ్ళు మండి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అన్నాను. ఆవిడ ఏడ్చినంత పని చేసింది. రెండు రోజుల తర్వాత ఇంకో ఊరి నుంచి ఫోన్: “మేడం, మేము కట్టిన డబ్బుకి ఇంత మంచి చీర వచ్చిందేమిటి?” మా ప్యాకింగ్ అబ్బాయి రెండు లేబుళ్ళు తారుమారు చేశాడు. జయనగర్ ఆవిడ ఇంటికి పసుపు కుంకుమలతో వెళ్ళి క్షమాపణ అడిగొచ్చాను. తలుపు తీసింది, లోపలికి మాత్రం రమ్మనలేదు. ఆ రోజు నుంచి కొన్నవాళ్ళకి ఫోన్ చెయ్యడం మానేశాను.

ఇంకోటి, దారిలో మారిపోయే సరుకు. ఒక ఏడాది నెల రోజుల్లో నాలుగు రిటర్న్‌లలో చీర బదులు పాత దుప్పటి ముక్కలు వచ్చాయి. నాలుగూ వేరువేరు ఊళ్ళు, వేరువేరు మనుషులు. మా ఆయన ఆ నాలుగు కవర్లూ బల్ల మీద పక్కపక్కన పరిచి చూస్తే, నాలుగూ అడుగు వైపే కోసి ఉన్నాయి, నాలుగింటికీ ఒకే రకం గోధుమరంగు టేపు. మేము వాడేది పారదర్శకమైన టేపు. కొన్నవాళ్ళు నలుగురూ కూడబలుక్కుని ఒకే టేపు కొనరు కదా. ట్రాకింగ్ చూస్తే నాలుగూ కొరియర్ వాళ్ళ ఒకే హబ్ (ప్యాకెట్లు చేర్చి పంచే కేంద్రం) మీదుగా వచ్చాయి. నాలుగు కేసులూ కలిపి ఒకే ఫిర్యాదుగా పెడితే మూడింటి డబ్బు వచ్చింది. విడివిడిగా వేసుంటే ఒక్కటీ వచ్చేది కాదని నా నమ్మకం. మీకు వచ్చిన ఉత్త డబ్బాని కూడా ఈ కళ్ళతోనే చూడండి.

అలాగే ఆర్‌టీవోలని ఈ లెక్కలో కలపకండి. మనవాళ్ళు ఆర్‌టీవో అనగానే డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసు అనుకుంటారు. ఇక్కడ దాని అర్థం కొన్నవాళ్ళ చేతికి అందకుండానే తిరిగొచ్చిన ప్యాకెట్ అని. తలుపు తాళం వేసి ఉండడం, సీఓడీ (సరుకు చేతికొచ్చాక డబ్బు కట్టే) ఆర్డర్ వద్దనడం, చిరునామా తప్పవడం లాంటివి. అందులో సరుకు మారితే అది కొరియర్ దారిలో జరిగిందే, కొన్నవాళ్ళు దాన్ని ముట్టుకోనే లేదు. క్లెయిమ్ వేసేటప్పుడు ఏది ఆర్‌టీవో, ఏది కస్టమర్ రిటర్న్ అన్నది తప్పుగా ఎంచుకుంటే ఫైలు చదవకుండానే మూసేస్తారు. మీ కాటన్ చీర కేసులో మీరు ఏది ఎంచుకున్నారో ఒకసారి వెనక్కెళ్ళి చూసుకోండి.

ఇక ప్యాకింగ్ బల్ల. మా ఇంట్లో పాత టీపాయ్ ఒకటి, దాని మీద పైనుంచి వేలాడే ఫోన్ స్టాండ్, పక్కన 10 కిలోల దాకా తూచే చిన్న డిజిటల్ కాటా. మొత్తం పెట్టుబడి రెండు వేలు దాటలేదు. ఫోన్ మా అబ్బాయి వాడి పడేసిన పాతది. వీడియో ఎక్కడా కట్ కాకూడదు, అదొక్కటే నియమం. ముందు కొరియర్ లేబుల్ మీద ఏడబ్ల్యూబీ నంబరు (ప్యాకెట్ ఎక్కడుందో చూసుకునే ట్రాకింగ్ నంబరు) చదివేట్టుగా దగ్గర పెట్టాలి. తర్వాత చీర, దాని ట్యాగ్, కొంగు వైపు ఒక మడత, చివర బ్లౌజ్ పీస్ అంచు. తర్వాత అదే చీర కవర్లోకి వెళ్ళడం, కవర్ అంటించడం, దాని మీద అదే లేబుల్ అంటించడం, ఆఖరికి కాటా మీద పెట్టి అంకె కనబడేదాకా. నిమిషం లోపే అయిపోతుంది. మధ్యలో చెయ్యి ఫ్రేమ్ దాటి బయటికి పోయినా “అక్కడ మార్చారేమో” అంటారు, కాబట్టి కావలసినవన్నీ ముందే బల్ల మీద పెట్టుకోవాలి.

ఫొటోలు ఎందుకు చాలవంటే, ఫొటోలో చీర ఉంటుంది, ఇంకో ఫొటోలో ప్యాకెట్ ఉంటుంది, ఆ చీరే ఈ ప్యాకెట్‌లోకి వెళ్ళిందని ఏ ఫొటో చెప్పదు. మీ మొదటి క్లెయిమ్ సరిగ్గా ఈ సందులోనే పడిపోయింది.

వీడియోలు దాచడం పెద్ద పనని భయపడకండి. 720పి నాణ్యతలో తీస్తే నిమిషానికి దాదాపు 60 ఎంబీ. రోజుకి 30 ఆర్డర్లంటే 1.8 జీబీ, 90 రోజులకి 162 జీబీ. ఒక హార్డ్ డిస్క్‌లో ఏడాది పైన సరిపోతుంది. ఫైలు పేరు మాత్రం ఏడబ్ల్యూబీ నంబరే పెట్టండి. తేదీల ఫోల్డర్లలో వెతుక్కుంటూ కూర్చుంటే క్లెయిమ్ గడువు దాటిపోతుంది. నాకు ఒకసారి అలాగే దాటిపోయింది, వీడియో దొరికింది మర్నాడు పొద్దున.

చీరలకి ట్యాగ్ ఎక్కడ కడతారన్నది చాలా ముఖ్యం. మీరు మడత పైన సేఫ్టీ పిన్‌తో గుచ్చుతున్నామన్నారు. ఆ పిన్ తీసి, ఫంక్షన్‌కి కట్టుకుని, మళ్ళీ అదే చోట గుచ్చి పంపొచ్చు. నేను కొంగు అంచు దగ్గర, కట్టుకుంటే భుజం మీద అందరికీ కనబడే చోట, ఒకసారి బిగిస్తే తెంపితే తప్ప రాని ప్లాస్టిక్ లూప్‌తో అరచేతంత ట్యాగ్ కడతాను. “ఈ ట్యాగ్ తెంపితే రిటర్న్ చెల్లదు” అని తెలుగు, కన్నడ, హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటుంది. ట్యాగ్ మీద నంబరు ఉంటుంది, అది వీడియోలో పడుతుంది. పెళ్ళిళ్ళ సీజన్లో కట్టుకుని సోమవారం తిప్పి పంపేవాళ్ళు మా దగ్గర తగ్గింది దీనివల్లే. అంత ట్యాగ్ వేలాడదీసుకుని ఎవరు మాత్రం పేరంటానికి వెళ్తారు? మీరు సిల్క్ మార్క్ సభ్యులైతే ఇంకా సుఖం. ఆ లేబుల్‌కి హోలోగ్రామ్, ఒక్కోదానికీ వేరే నంబరు ఉంటాయి కాబట్టి అదే సాక్ష్యం. దాని వెనకున్నది మన సెంట్రల్ సిల్క్ బోర్డే, మనం గంటలు గంటలు ట్రాఫిక్‌లో ఇరుక్కునే ఆ జంక్షన్‌కి పేరిచ్చిన ఆఫీసు.

బ్లౌజ్ పీస్ కత్తిరింపు చీరల్లోనే ఉన్న ప్రత్యేకమైన దొంగతనం. చీర ఐదున్నర మీటర్లు, బ్లౌజ్ పీస్ 80 సెంటీమీటర్లు, కలిపి 6.3 మీటర్లు అని మీరు కేటలాగ్‌లో రాసి ఉంటే, రిటర్న్ వచ్చినప్పుడు కెమెరా ముందే టేపు పెట్టి కొలవండి. 5.5 వస్తే ఇంక వాదనే లేదు. రాసి ఉండకపోతే ఈ రోజే రాయండి. మీ ఫొటోలో కత్తిరించిన అంచు బాగానే కనిపిస్తోంది, కానీ పంపేటప్పుడు బ్లౌజ్ ఉందని చూపించేది మీ దగ్గరేమీ లేదు. అవతల కూర్చున్నవాళ్ళకి మీరు కత్తిరించని చీరే పంపారని ఎలా తెలుస్తుంది చెప్పండి.

వాడిన చీర పట్టడానికి ఇంకొన్ని గుర్తులు. ఫాల్, పికో కుట్టి ఉంటే చెప్పేదేముంది, కొందరు ఫాల్ విప్పి పంపుతారు, అప్పుడు అడుగు అంచు పొడవునా సూది రంధ్రాలు వరసగా కనిపిస్తాయి. నడుము దగ్గర దోపుకునే చోట నలుగుడు, భుజం దగ్గర పిన్ను రంధ్రం, కొంగు మీద పసుపు మరక. సెంటు వాసనని మాత్రం వీడియోలో చూపించలేం! మీ మూడో కేసులో వాసన గురించి రాయకండి, పిన్ను రంధ్రమో నలుగుడో వెతికి దాన్నే దగ్గరగా తీసి పెట్టండి.

ఎలక్ట్రానిక్స్ వాళ్ళ సంగతి ఒక్క ముక్క చెప్తాను, మీ బావమరిది ఇయర్‌ఫోన్లు మొదలెడతాడన్నారు కాబట్టి. మా ఆయన బిల్లు మీద సీరియల్ నంబరు రాసి పంపేవాడు. ఒకసారి ట్రిమ్మర్ రిటర్న్‌లో నంబరు సరిపోయింది, ట్రిమ్మర్ మాత్రం మూడేళ్ళ నాటిది. కొత్తదాని స్టిక్కర్ జాగ్రత్తగా పీకి పాతదాని మీద అతికించారు. అప్పటి నుంచి యూవీ (అతినీలలోహిత) లైటు వేస్తేనే కనిపించే పెన్నుతో లోపలెక్కడో చిన్న గీత గీస్తాడు, ఆ గీత కూడా వీడియోలో పడేట్టు చూస్తాడు. ఎక్కడ గీస్తాడో నాకు కూడా చెప్పడు.

రిటర్న్ తీసుకునేటప్పుడు మనం చేసే తప్పు, తొందర. డెలివరీ అబ్బాయి ఒకేసారి పది ప్యాకెట్లు తెచ్చి “అక్కా, ఓటీపీ చెప్పండి, బండి రోడ్డు మీదుంది” అంటాడు. పాపం వాడికీ టార్గెట్లుంటాయి. అయినా లెక్కపెట్టకుండా ఓటీపీ చెప్పకండి. పది అని చెప్పి తొమ్మిదిచ్చి వెళ్తే, మీరు పదీ అందుకున్నట్టే. చిరిగింది, తడిసింది, మళ్ళీ టేపు వేసింది, చేతికి తేలిగ్గా తగిలింది ఉంటే అక్కడికక్కడే ఫొటో తీసి, వాళ్ళ యాప్‌లో గానీ కాగితం మీద గానీ ఆ మాట రాయించండి. కొందరు ఒప్పుకోరు. అప్పుడు ఆ అబ్బాయి నిలబడి ఉండగానే ప్యాకెట్‌ని కాటా మీద పెట్టి వీడియో తీయండి, ముఖం తీయకండి.

విప్పేటప్పుడు కూడా అదే బల్ల, అదే ఫోన్. ముందు ప్యాకెట్ ఆరు వైపులా చూపించాలి, రిటర్న్ లేబుల్ చదివించాలి, తూకం చూపించాలి, ఆ తర్వాతే కత్తెర. ఒకసారి విప్పేసి, మళ్ళీ మూసి, వీడియో కోసం రెండోసారి విప్పేవాళ్ళున్నారు. అలా చెయ్యకండి, టేపు చూస్తే తెలిసిపోతుంది, తర్వాత మన నిజమైన క్లెయిమ్‌లని కూడా నమ్మరు. ఏ రోజు వచ్చిన రిటర్న్‌లు ఆ రోజే విప్పాలి. గడువులు ప్లాట్‌ఫామ్‌ని బట్టి, కేటగిరీని బట్టి మారతాయి, మధ్యమధ్యలో వాళ్ళే మారుస్తుంటారు కూడా, కాబట్టి నేనొక అంకె చెప్పి మిమ్మల్ని ముంచను. మీ ప్యానెల్‌లో ఈ నెల నియమం చదివి గోడ మీద రాసి పెట్టుకోండి. అమెజాన్‌లో దీన్ని సేఫ్-టి క్లెయిమ్ అంటారు, ఫ్లిప్‌కార్ట్‌లో సెల్లర్ ప్రొటెక్షన్ ఫండ్, మిగతాచోట్ల మామూలుగా రిటర్న్ క్లెయిమ్ అనే ఉంటుంది. పేరేదైనా అడిగేది ఒకటే: ఏం పంపావు, ఏం వచ్చింది, రెండూ ఒకటి కావని ఎలా చూపిస్తావు.

క్లెయిమ్ రాయడంలో మన తెలుగువాళ్ళకి ఒక జబ్బుంది, మన కష్టమంతా చెప్పుకుంటాం. అప్పు చేసి సరుకు తెచ్చామనీ, పిల్లల ఫీజులనీ రాస్తాం. మీరు అతికించిన రెండో క్లెయిమ్‌లో 14 వాక్యాలున్నాయి, అందులో ఏడబ్ల్యూబీ నంబరు లేదు. అవతల చదివేవాళ్ళకి రోజుకి ఇలాంటివి ఎన్ని వస్తాయో ఊహించుకోండి. నేను రాసేది ఇంతే ఉంటుంది: ఫలానా ఆర్డర్, పంపిన ఏడబ్ల్యూబీ ఇది, ట్యాగ్ నంబరు ఇది, తూకం 780 గ్రాములు, వీడియోలో 22వ సెకను చూడండి. తిరిగొచ్చిన ఏడబ్ల్యూబీ ఇది, తూకం 410 గ్రాములు, ట్యాగ్ లేదు, రంగు వేరు, వీడియోలో 35వ సెకను చూడండి. పంపిన చీర ఇది కాదు, పూర్తి మొత్తం ఇప్పించగలరు. అంతే. సెకన్లు రాయడం నేర్చుకున్నాక నా క్లెయిమ్‌లు గెలవడం బాగా పెరిగింది. వాళ్ళు వీడియో మొత్తం చూడరు మరి.

మొదటిసారి తిరగ్గొడితే అదే ముక్కని మళ్ళీ అతికించకండి. ఎందుకు తిరగ్గొట్టారో ఒక లైను ఉంటుంది, ఆ లైనుకి మాత్రమే జవాబు రాయండి. “సీల్ స్పష్టంగా లేదు” అంటే సీల్ దగ్గరి ఫొటో ఒక్కటే పంపండి. రెండోసారీ పోతే వదిలేసి పని చూసుకోండి. ఒక చీర కోసం పదకొండు మెయిళ్ళు రాసిన ఏడాది నాకుంది, ఆ సమయంలో ఇంకో నాలుగు కేటలాగ్‌లు పెట్టుకునేదాన్ని.

ఫోన్ చెయ్యొద్దని ముందే చెప్పాను. ఇంకో మాట. కొందరు కోపంలో కొన్నవాళ్ళ పేరు, నంబరు, అడ్రసు సెల్లర్ల గ్రూపుల్లో “వీళ్ళు దొంగలు” అని పెడుతుంటారు. ఆ వివరాలు మనకి సరుకు చేర్చడానికి ఇచ్చినవి. బయటపెడితే ముందు మన అకౌంటే పోవచ్చు, పరువునష్టం కేసు కూడా పడొచ్చు. అప్పుడు మనమే ముద్దాయిలం. ఒకే చిరునామా నుంచి మళ్ళీ మళ్ళీ వస్తుంటే మీ సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి, ప్లాట్‌ఫామ్‌కి ఆ ఆర్డర్ల నంబర్లన్నీ కలిపి రిపోర్ట్ చేయండి.

పోలీసులు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందరం నోటి మాటగా వాడే 420 ఇప్పుడు 318లోని నాలుగో ఉపసెక్షన్, ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. చట్టం గట్టిదే. కానీ 1,800 రూపాయల చీర ఒక్కదానికి స్టేషన్ చుట్టూ తిరిగితే పోయేది మన పనిదినాలు. ఒకే మనిషి లేదా ఒకే ముఠా అయిదారుసార్లు చేసినట్టు ఆర్డర్లతో చూపించగలిగినా, మా ఆయన సరుకులాగా ఒక్కోటి వేలల్లో ఉన్నా అప్పుడు వెళ్ళాలి. బెంగళూరులో దీనికి సెన్ పోలీస్ స్టేషన్లున్నాయి, సైబర్, ఆర్థిక, మాదకద్రవ్య నేరాల కోసం పెట్టినవి. కొన్నవాడు వేరే రాష్ట్రంలో ఉన్నాడు, మా పరిధి కాదు అని పంపేస్తే జీరో ఎఫ్‌ఐఆర్ అనే మాట గుర్తుపెట్టుకోండి, పరిధితో సంబంధం లేకుండా నమోదు చేసే వీలు పోలీసు, కోర్టు పద్ధతుల కొత్త చట్టం నాగరిక్ సురక్షా సంహిత 173లో ఉంది. వీడియో తీసిన ఫోన్ అమ్మేయకండి. కోర్టు దాకా వెళ్తే కొత్త సాక్ష్యాల చట్టం, అంటే సాక్ష్య అధినియం, 63 కింద ఆ వీడియోకి సర్టిఫికెట్ కావాలి, అసలు ఫైలు ఉన్న ఫోనే లేకపోతే వకీలు కూడా తల పట్టుకుంటాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 గురించి చాలామంది చెప్తుంటారు. అది ఖాతాలోంచి పోయిన డబ్బుని దారిలోనే ఆపడానికి పెట్టింది. మన కేసులో పోయింది సరుకు. ఎవరైనా ఓటీపీ అడిగి డబ్బు లాగేస్తే మాత్రం ఆలోచించకుండా వెంటనే 1930కి చెయ్యండి.

ఇప్పుడు డబ్బు లెక్క, ఎందుకంటే మీ ఆవిడ “ఇంక మానేద్దాం” అంటోందని రాశారు. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. 100 ఆర్డర్లు వెళ్ళాయి, 12 తిరిగొచ్చాయి, అందులో రెండు చెడ్డవి. 12 రిటర్న్‌లకీ తిరుగు కొరియర్, ఫీజులు కలిపి ఒక్కోదానికి 150 చొప్పున 1,800. రెండు చెడ్డ చీరల కొనుగోలు ధర 1,200 చొప్పున 2,400. మొత్తం 4,200. నిలిచిన 88 అమ్మకాల మీద పంచితే ఒక్కో చీరకి 48 రూపాయలు. రెండింట్లో ఒక క్లెయిమ్ గెలిస్తే అది 34కి దిగుతుంది. మీ అంకెలు వేసుకుని ఆ మొత్తాన్ని ధరలో ముందే కలిపేసుకోండి. కొట్టులో కూర్చున్నప్పుడు మా మామగారు కూడా దుమ్ము పట్టి పాడయ్యే చీరల లెక్క ధరలో వేసుకునేవారు, ఇదీ అలాంటిదే. ఆ 48 చూసి కూడా లాభం మిగలకపోతే మానేయాల్సింది ఆ రకం చీర, వ్యాపారం కాదు.

పైగా ఆ 12లో చెడ్డవి రెండే, పది మామూలువి. అవి తగ్గించడం మన చేతిలో ఉంది. మీ కేటలాగ్ చూశాను, ఆ మెంతిరంగు చీర ఫొటోలో బంగారు రంగులో మెరుస్తోంది. ఫిల్టర్ తీసేసి, పొద్దున పది గంటల ఎండలో వరండాలో తీయండి. జరీ అసలుదా కాదా అన్నది దాచకుండా రాయండి. మీ మాట ఎంత వదులుగా ఉంటే “చూపించినట్టు లేదు” అనడం వాళ్ళకి అంత సులువు.

జీఎస్‌టీ గురించి ముక్తసరిగా. రిటర్న్ అయిన అమ్మకానికి సెక్షన్ 34 కింద క్రెడిట్ నోటు (ఆ బిల్లు మొత్తం తగ్గించే కాగితం) రాసి, ప్లాట్‌ఫామ్ రిపోర్టుతో సరిచూసుకుని జీఎస్‌టీఆర్-1 అనే అమ్మకాల ఫారంలో చూపించాలి. ప్లాట్‌ఫామ్ మన అమ్మకం డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను, అంటే టీసీఎస్, 2024 జులై 10 నుంచి 0.5 శాతం, అదీ రిటర్న్‌లు పోను మిగిలిన అమ్మకం మీదే, రెండు అంకెలూ కలుస్తున్నాయో లేదో ప్రతి నెలా చూడండి. చాలామందికి తెలియనిది ఏమిటంటే, దొంగతనంలో పోయిన, పాడై రద్దు రాసేసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీకి వచ్చే మినహాయింపు) వెనక్కి ఇవ్వాలి, సెక్షన్ 17(5)లో హెచ్ అనే భాగం. ఏడాది చివర ఆడిటర్‌కి ఆ చీరల జాబితా ఇవ్వండి.

చివరిగా ఆ ఉత్త డబ్బా. ఇది గెలిచే కేసని నాకనిపిస్తోంది, ఇంకా క్లెయిమ్ వెయ్యలేదు కాబట్టి. కానీ మీరు చేద్దామనుకుంటున్నట్టు ప్యానెల్‌లో కనిపించే “750 గ్రాములు” స్క్రీన్‌షాట్ పెట్టకండి, అది మీకే ఎదురు తిరుగుతుంది. కొరియర్ వాళ్ళు డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5,000తో భాగించి ఒక బరువు కడతారు, అసలు తూకం కంటే అది ఎక్కువైతే దాన్నే రాస్తారు. మీ డబ్బా 30, 25, 5 సెంటీమీటర్లన్నారు, గుణించి భాగిస్తే సరిగ్గా 750 గ్రాములే. అంటే లోపల చీర ఉన్నా లేకపోయినా ఆ అంకె అలాగే ఉంటుంది. మీరు దాన్ని చూపిస్తే “నిండుగానే తిరిగొచ్చింది” అంటారు. డబ్బా ఇంకా మీ దగ్గరే ఉందా? ఉంటే లేబుల్ చించకుండా, టేపు ముట్టుకోకుండా పక్కింటి కిరాణా కొట్టు కాటా మీదైనా పెట్టి, అంకె, లేబుల్ ఒకే ఫ్రేమ్‌లో పడేట్టు తీసి, అడుగు వైపు కోత ఉందేమో కూడా చూసి, ఈ రాత్రికే క్లెయిమ్ వెయ్యండి. డబ్బా అడుగు ఫొటో నాకు కూడా పెట్టండి, ఆ టేపు ఏ రంగులో ఉందో చూడాలనుంది.